పేవర్ల డ్రైవ్‌వే మీద రంగు గీతలు గీసి వెళ్లారు, కడిగేయొచ్చా?

మల్లెతీగ (కేరీ, నార్త్ కరొలైనా)

అందరికీ నమస్కారం అండి. ఇక్కడ కేరీ, మోరిస్‌విల్, ఏపెక్స్ వైపు సొంతిళ్లు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారని అడుగుతున్నాను.

ఈ వసంతంలో మా డ్రైవ్‌వే పాత కాంక్రీటు పగలగొట్టించి పేవర్లు (మధ్యలో ఇసుక సందులతో పరిచే రాళ్లు) వేయించాం. బూడిద రంగు, లేత ఇటుక రంగు కలిపి హెరింగ్‌బోన్ డిజైన్. రెండేళ్లు దాచుకున్న డబ్బు అందులో పెట్టాం. నిన్న ఆఫీసు నుంచి వచ్చి చూస్తే, రోడ్డుకి దగ్గరగా డ్రైవ్‌వేకి అడ్డంగా రంగు గీతలు. ఒకటి పసుపు, రెండు ఆరెంజ్, ఒకటి ఎరుపు. పేవ్‌మెంట్ అవతల నీలం. పసుపు గీత పక్కన ఒక అంకె, ఏవో పొడి అక్షరాలు, బాణం గుర్తు. లాన్‌లో అవే రంగుల చిన్న జెండాలు.

మేం ఎవరినీ పిలవలేదు. డోర్ కెమెరాలో చూస్తే, మెరిసే జాకెట్ వేసుకున్నతను కర్రలాంటి పరికరం పట్టుకుని అటూ ఇటూ నడిచి, రంగు డబ్బా తలకిందులుగా పట్టి కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. బెల్లు కూడా నొక్కలేదు. ఇవాళ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి మెయిల్, "మీ డ్రైవ్‌వే మీద మరకలున్నాయి, శుభ్రం చేయించండి" అని.

వచ్చే నెల అత్తయ్యగారు, మామయ్యగారు ఇండియా నుంచి వస్తున్నారు. వాళ్లు రాగానే సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. ఆ లోపు ఈ గీతలు పోవాలి. ప్రెషర్ వాషర్‌తో కొట్టేయొచ్చా? రాళ్ల రంగు పోతుందా? అసలు మా ఇంటి ముందు మా అనుమతి లేకుండా రంగు వేసే హక్కు వాళ్లకి ఉందా?

ఇంకో సంగతి. వెనక పాటియో దగ్గర పెర్గోలా (స్తంభాల మీద నిలబెట్టే పందిరి) వేయిద్దామనుకుంటున్నాం. అప్పుడు కూడా ఇలాగే పాటియో అంతా గీసేస్తారా?


వీకెండ్_మేస్త్రి (షార్లెట్)

అమ్మా, ఇంత కంగారు పడక్కర్లేదు. హోమ్ డిపోలో మ్యూరియాటిక్ ఆసిడ్ దొరుకుతుంది, ఒకటికి పది నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలాగి ప్రెషర్ వాషర్‌తో ఫుల్ స్పీడ్‌లో కొట్టండి. శుభ్రంగా పోతుంది. మా గ్యారేజ్ ఫ్లోర్ అలాగే చేశాను.


సోమశిల (రాలీ)

మల్లెతీగ గారూ, దయచేసి ఆ ఆసిడ్ జోలికి వెళ్లకండి. అసలు ఇప్పుడే ఏదీ కడగకండి. మేస్త్రి అన్నా, మీరు మంచికే చెప్పారని తెలుసు, గ్యారేజీ కాంక్రీటు మీద నూనె మరకకి అది పనికొచ్చి ఉండొచ్చు. ఇక్కడ సంగతి వేరు.

మాది నెల్లూరు. సివిల్‌లో ఎమ్మెస్ చేసి, ఇక్కడ భూమి లోపలి పైపులు, కేబుళ్లు వెతికి మ్యాపులు చేసే కంపెనీలో పనిచేస్తున్నాను. మొదట్లో నేను కూడా మీ కెమెరాలో కనిపించిన అతనిలాగే రిసీవర్ పట్టుకుని ఇళ్ల ముందు తిరిగినవాణ్ణే. కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు, అది ఎందుకు గీశారో. మీ వీధిలో ఎవరో తవ్వబోతున్నారు. మీరు చెప్పినట్టు గీతలన్నీ రోడ్డు అంచున, డ్రైవ్‌వేకి అడ్డంగా ఉన్నాయంటే నూటికి తొంభై పాళ్లు కొత్త ఇంటర్నెట్ ఫైబర్ లైనే. ఈ చుట్టుపక్కల ఇప్పుడు వీధి వీధికీ అదే పని. తవ్వేవాళ్లు ఎవరైనా ముందు 811కి ఫోన్ చేయాలి, లేదా ఆన్‌లైన్‌లో టికెట్ (ఎక్కడ తవ్వుతారో చెప్పే వినతి) పెట్టాలి. అది దేశమంతటికీ ఒకటే నంబరు, 2007 నుంచి నడుస్తోంది. నార్త్ కరొలైనాలో కనీసం మూడు పూర్తి పనిదినాల ముందు చెప్పాలి. టికెట్ పడగానే అక్కడ లైన్లున్న గ్యాస్, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ వాళ్లందరికీ కబురెళ్తుంది. వాళ్లు మనుషుల్ని పంపి తమ లైన్ ఎక్కడుందో నేల మీద గుర్తు పెట్టిస్తారు. మీ ఇంటికి వచ్చినతను మీరు పిలిస్తే రాలేదు, ఆ తవ్వే కాంట్రాక్టర్ టికెట్ మీద వచ్చాడు. రోడ్డు పక్క ఆ ముక్క మీరు డబ్బు పెట్టి రాళ్లు పరిచినా సాధారణంగా టౌన్ రైట్ ఆఫ్ వే (రోడ్డు కోసం టౌన్‌కి హక్కున్న జాగా) కిందికో, యుటిలిటీ ఈజ్‌మెంట్ (లైన్ల కంపెనీలకి వాడుకునే హక్కున్న జాగా) కిందికో వస్తుంది. అందుకని అక్కడ గుర్తు పెట్టడానికి మీ అనుమతి అడగరు. బెల్లు కొట్టి ఒక మాట చెప్తే మర్యాదగా ఉండేది, అందులో సందేహం లేదు.

రంగులకి అర్థం అమెరికా అంతా ఒకటే. పసుపు గ్యాస్, ఎరుపు కరెంటు, ఆరెంజ్ ఫోన్, ఇంటర్నెట్, కేబుల్ టీవీ. నీలం తాగే నీళ్లు, ఆకుపచ్చ మురుగు, ఊదా రంగు శుద్ధి చేసి మళ్లీ వాడే నీళ్లు. తెలుపు ఎక్కడ తవ్వబోతున్నారో చెప్తుంది, గులాబీ సర్వే వాళ్లది. పసుపు గీత పక్క అంకె పైపు సైజు, అక్షరాలు పైపు దేనితో చేసిందో, ఏ కంపెనీదో చెప్తాయి. లోతు రాయరు, రాసినా దాన్ని నమ్మి తవ్వకూడదు.

"మా రాళ్లు తవ్వకుండా రాళ్ల మీద ఎందుకు గీయాలి" అని మీకు అనిపిస్తుంది. ఫైబర్ వాళ్లు మీ పేవర్లు మొత్తం తీయరు, నిజమే. డ్రైవ్‌వేకి ఒక పక్కన గొయ్యి తీసి, అక్కడి నుంచి అడ్డంగా బోరు వేసి, రెండో పక్కన తేలుతారు. ఆ బోరు కడ్డీ మీ రాళ్ల కిందుగా, గ్యాస్ పైపుని దాటుకుంటూ వెళ్తుంది. పైన గుర్తు లేకపోతే నడిపేవాడికి ఏది ఎక్కడ అడ్డొస్తుందో తెలియదు. లాన్‌లో ఇటొక జెండా, అటొక జెండా పెట్టేసి మధ్యలో తిన్నగానే ఉంటుందిలే అనుకోవడానికి వీల్లేదు, పైపు మీ డ్రైవ్‌వే కింద వంపు తిరిగి ఉండొచ్చు.

మనకి దగ్గరలోనే జరిగింది చెప్తాను. 2019 ఏప్రిల్ 10న డర్హమ్ డౌన్‌టౌన్‌లో ఫైబర్ పని చేస్తుంటే గ్యాస్ లైన్ తెగింది. కాసేపటికి భవనం పేలిపోయింది. ఇద్దరు చనిపోయారు, ఒకరు అక్కడ కాఫీ షాపు నడుపుకునే పెద్దాయన, ఇంకొకరు లీకు సంగతి చూడటానికి వచ్చిన గ్యాస్ కంపెనీ ఉద్యోగి. అంతకు ముందు ఏడాది జులైలో విస్కాన్సిన్‌లోని సన్ ప్రెయిరీలో ఇలాగే ఫైబర్ పనిలో గ్యాస్ లైన్ తెగి, జనాన్ని ఖాళీ చేయించడానికి వచ్చిన ఫైర్ కెప్టెన్ ఒకాయన పోయాడు. మీ ఇంటి ముందున్న పసుపు గీతని చూస్తే నాకు మరక అనిపించదు, ఇవి గుర్తొస్తాయి. అందుకే పని పూర్తయ్యేదాకా ముట్టుకోవద్దంటున్నాను. తవ్వకం ముగియకుండా కావాలని గుర్తులు చెరపడం చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం కూడా. హెచ్‌ఓఏకి ఇదే రాయండి, "ఇవి 811 గుర్తులు, వీధిలో పని అయ్యాక తీయిస్తాం" అని. ఫొటో జత చేయండి. సాధారణంగా ఆ తర్వాత వాళ్లు పట్టించుకోరు.

ఇక గీత ఎంత కచ్చితం? అతని చేతిలో కర్రలాంటిది రిసీవర్. దానికి జత ఇంకో పెట్టె ఉంటుంది, ట్రాన్స్‌మిటర్. గ్యాస్ పైపు ఈ రోజుల్లో ఎక్కువగా పసుపు ప్లాస్టిక్కే కాబట్టి దానికి సిగ్నల్ అంటదు. అందుకని పైపు పాతేటప్పుడే దాని వెంట ఒక రాగి తీగ వేస్తారు. మీటరు దగ్గర ఆ తీగ కొస పైకి వచ్చి ఉంటుంది. దానికి ఒక క్లిప్పు తగిలించి, రెండో క్లిప్పు లాన్‌లో గుచ్చిన ఇనప చువ్వకి పెట్టి, సిగ్నల్ పంపుతారు. రిసీవర్ పట్టుకుని నడుస్తుంటే తీగ నెత్తి మీదికి రాగానే చప్పుడు గట్టిపడుతుంది, పక్కకి జరిగితే తగ్గుతుంది. ఆ గట్టిపడ్డ చోటే చుక్క. మన ఎర్ర బంకమట్టి తడిగా ఉన్నప్పుడు చువ్వ బాగా పట్టి సిగ్నల్ హాయిగా వెళ్తుంది. ఎండాకాలం చివర మట్టి ఇటుకలా ఎండిపోయినప్పుడు చువ్వ గుచ్చిన చోట నీళ్లు పోసుకుంటాం. ఒకే గాడిలో నాలుగు లైన్లుంటే ఒకదాని సిగ్నల్ ఇంకోదాని మీదికి పాకుతుంది, అప్పుడు గీత కొంచెం పక్కకి పడొచ్చు. అందుకే చట్టం గీతకి చుట్టూ జాగా వదులుతుంది. మన రాష్ట్రంలో పైపు అంచు నుంచి అటు 24 అంగుళాలు, ఇటు 24. టెక్సస్‌లో 18. ఆ మేరలో మెషీన్ పెట్టకుండా చేత్తోనో, నీళ్లతోనో, వాక్యూమ్ ట్రక్కుతోనో మెల్లగా తీసి పైపుని కళ్లతో చూశాకే ముందుకెళ్లాలి.

డిజైన్ రాళ్ల మీద మర్యాదగా గుర్తు పెట్టే పద్ధతులున్నాయి, నాకు బాధ కలిగేది అక్కడే. చాలామంది లొకేటర్లకి (ఇలా వెతికి గుర్తు పెట్టేవాళ్లకి) రోజుకి అన్ని టికెట్లు అంటగడతారు, దిగి కొట్టి వెళ్లిపోవడమే. కొంచెం ఆగితే ఏమేం చేయొచ్చో చెప్తాను. విస్కర్లని ఉంటాయి, రంగు ప్లాస్టిక్ పోగుల చిన్న కుచ్చు, అడుగున మేకు. రాయికీ రాయికీ మధ్య ఇసుక సందులో దాన్ని దిగ్గొడితే నిలబడుతుంది. పని అయ్యాక పీకేస్తే చిటికెడు ఇసుకతో సందు పూడిపోతుంది, రాయికి రంగే అంటదు. నేనైతే పేవర్ల మీద ముందు ఇదే చూస్తాను. రెండోది ఆఫ్‌సెట్. రాళ్లకి అటూ ఇటూ గడ్డి మీద గుర్తు పెట్టి, బాణం వేసి, "ఇక్కడి నుంచి ఇన్ని అడుగులు" అని రాయడం. లైన్ తిన్నగా ఉందని రిసీవర్‌తో నడిచి చూసుకున్నప్పుడే ఇది పనికొస్తుంది. చాక్ స్ప్రే కూడా ఉంది, నీళ్లు తగిలితే పోతుంది. దాంతో చిక్కేంటంటే మన ఊళ్లో సాయంత్రం వాన ఒక్కటి పడితే గుర్తులు మాయం, మళ్లీ టికెట్ పెట్టి గీయించుకోవాలి. తవ్వకం మర్నాడో ఆ మర్నాడో అయితేనే చాక్ అడగాలి. ఇవేవీ కుదరక పెయింటే కొట్టినా, అడుగు, అడుగున్నర పొడవు గీతలు, అంగుళం వెడల్పు, మధ్యలో నాలుగైదడుగుల ఖాళీ, అంతే చాలు. డ్రైవ్‌వే అంతా తాడు పరిచినట్టు గీయక్కర్లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. వీధిలో ఫైబర్ వాళ్ల ట్రక్కు కనిపించగానే సూపర్‌వైజర్‌ని కలిసి, టికెట్ నంబరు తీసుకోండి. "మాది పేవర్ల డ్రైవ్‌వే, మళ్లీ గీయించాల్సి వస్తే విస్కర్లో, ఆఫ్‌సెట్టో పెట్టమని టికెట్ రిమార్కులో రాయండి, పని అయ్యాక ఈ రంగు మీరే తీసి ఇవ్వండి" అని చెప్పి, అదే మాట మెయిల్‌లో కూడా పంపండి. చాలా కంపెనీల దగ్గర రంగు తీసే జెల్ ఉంటుంది, అడిగినవాళ్లకి చేస్తారు. ఇవాళే డ్రైవ్‌వే మొత్తం ఫొటోలు తీసి పెట్టుకోండి, రాయి పగిలినా, కుంగినా రేపు అడగడానికి ఆధారం.

వాళ్లు తీయకపోతే మనమే తీసుకోవచ్చు. ఇప్పుడు వాడేది ఎక్కువగా నీళ్ల పెయింటే. కొన్ని వారాల ఎండకీ, కారు చక్రాలకీ చాలామటుకు వెలిసిపోతుంది. పని అయిపోయిన రోజే మొదలుపెడితే వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, గట్టి నైలాన్ బ్రష్. ఇనప బ్రష్ వద్దు, దాని ముక్కలు రాయిలో ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి. దాంతో పోకపోతే గ్రాఫిటీ తీసే జెల్, రాళ్లకి, కాంక్రీటుకి పనికొచ్చేదని డబ్బా మీద రాసి ఉన్నదే. రాళ్లు వేయించినప్పుడు మిగిలినవి గ్యారేజీలో ఉంటే వాటి మీద ముందు వేసి చూడండి. థిన్నర్, అసిటోన్ లాంటివి పోస్తే రంగు కరిగి రాయి రంధ్రాల్లోకి ఇంకా లోపలికి దిగుతుంది, పైన సీలర్ (రాయిని కాపాడే పూత) ఉంటే అదీ చెడుతుంది. ఆసిడ్ సిమెంటుని తింటుంది, పెయింటుని కాదు. రాయి పైపొర పోయి, లోపలి కంకర తేలి, ఆ ఒక్క చోటే వేరే రంగులో కనిపిస్తుంది. అది తిరిగి రాదు. ట్రావర్టైన్, సున్నపురాయి అయితే మరీ ఘోరం.

ప్రెషర్ వాషర్ వాడొచ్చు, తెల్ల మూతి పెట్టి, అంటే 40 డిగ్రీలది, కనీసం అడుగు దూరం నుంచి, ఏటవాలుగా. ఎర్ర మూతి (ఒకే సన్నటి ధారగా కొట్టేది) పెట్టి నిటారుగా కొడితే సందుల్లో ఇసుక లేచిపోతుంది, ఆ వర్షాకాలమే రాళ్లు కదలడం మొదలవుతుంది. కడిగిన నీళ్లు వీధి డ్రెయిన్‌లోకి పోనివ్వకండి, అది శుద్ధి లేకుండా నేరుగా వాగులోకే పోతుంది. గడ్డి వైపు మళ్లించండి, లేదా పాత గుడ్డతో అద్దేయండి.

అన్నీ చేశాక కూడా నీడలా మిగిలితే, పేవర్లకి ఉన్న గొప్ప సుఖం అప్పుడు తెలుస్తుంది. ఆ రాళ్లు నాలుగు పైకి తీసి, గ్యారేజీ గోడ పక్కనో, మొక్కల పక్కనో కనపడని చోట రాళ్లతో మార్చుకోవచ్చు. స్టాంప్డ్ కాంక్రీటు వేయించుకున్నవాళ్లకి ఆ దారి లేదు.


దోసె_అడ్డా (ఫ్రిస్కో, టెక్సస్)

సోమశిల అన్నా, దండం. ఇది పిన్ చేసి పెట్టండి అడ్మిన్ గారూ.

మల్లెతీగ గారి పెర్గోలా గురించి ఒక్క మాట. 811 వాళ్లు మీటరు దాకానే గీస్తారు. మీటరు నుంచి ఇంట్లోకి, ఇంటి నుంచి పెరట్లోకి మనం వేయించుకున్న లైన్లు మనవే, అవి ఎవరూ గుర్తు పెట్టరు. మా వీధిలో తెలుగువాళ్ల ఇళ్లు చూడండి, సగం మందికి వెనక పాటియోలో గ్యాస్ స్టవ్ ఉంటుంది. ఇంట్లో నూనె వాసన పట్టకుండా బజ్జీలు, చేపల వేపుడు, పోపులు అన్నీ బయటే. దానికి గ్యాస్ పైపు పాటియో రాళ్ల కింద నుంచే వస్తుంది. మా స్నేహితుడింట్లో కంచె గుంజలు పాతడానికి వచ్చినవాళ్లు 811 గీతలు చూసుకుని, అటు ఏమీ లేదు కదా అని ఆగర్ (గుంత తొలిచే మెషీన్) దించారు. సరిగ్గా ఆ స్టవ్ పైపు. వాళ్ల అమ్మగారు అప్పుడే బయట దీపం పెట్టి లోపలికి వెళ్లారు. మీటరు దగ్గర వాల్వు వెంటనే తిప్పేశారు కాబట్టి సరిపోయింది, ఏమీ కాలేదు.

అందుకని మీ పెరట్లో ఇంతకుముందు ఇల్లున్నవాళ్లు ఏం పాతారో కూడా తెలుసుకోండి. స్ప్రింక్లర్ పైపులు, లాన్ లైట్ల వైర్లు, కుక్క కోసం భూమిలో వేసే వైరు, స్విమ్మింగ్ పూల్ పంపు కరెంటు, ఇవన్నీ సొంతవే. ప్రైవేట్ లొకేటర్ అని విడిగా ఉంటారు, డబ్బు తీసుకుని వచ్చి చూస్తారు.


కూకట్‌పల్లి_సివిల్

ఇండియా నుంచి చదువుతున్నా. ఇక్కడ కూడా మొదలైంది అన్నా. 2023 మార్చి 22న కేంద్రం "కాల్ బిఫోర్ యు డిగ్" అనే యాప్ తెచ్చింది, సీబీయూడీ అంటాం. తవ్వేవాడు అందులో పెడితే ఆ చోట లైన్లున్న సంస్థలకి సందేశం వెళ్తుంది. కానీ మీ దగ్గరలా మనిషి వచ్చి గేటు ముందు టైల్స్ మీద రంగుతో గీసి వెళ్లడం మా కాలనీల్లో ఇంకా చూడలేదు. జేసీబీ దిగాక మంజీరా నీళ్ల పైపు పగిలితే అప్పుడు తెలుస్తుంది లైన్ ఎక్కడుందో. మల్లెతీగ గారు బాధపడుతున్న గీతలు మా వీధిలో ఉంటే బాగుండునని నిజంగా అనిపించింది. ఆమె డ్రైవ్‌వే ఖరీదు అర్థమవుతోంది, తక్కువ చేయడం లేదు.


మల్లెతీగ

అందరికీ చాలా థాంక్స్ అండి. సోమశిల గారూ, మీరు డర్హమ్ సంగతి రాశాక, ఆ పసుపు గీత మీద పార్క్ చేయడానికి కూడా మనసు ఒప్పుకోలేదు, కారు వీధిలో పెట్టాం.

ఫైబర్ పనివాళ్లు వచ్చారు. సూపర్‌వైజర్ మంచివాడే. మీరు చెప్పినట్టే, గ్యాస్ లైన్ దాటే చోట బోరు వేసేముందు చూసుకోవాలని, పసుపు గీత దగ్గర మా రాళ్లు ఏడెనిమిది తీసి, నీళ్లతో, వాక్యూమ్‌తో సన్నటి గొయ్యి చేశారు. నేను పక్కనే నిలబడి చూశాను. కంకర పొర తర్వాత ఎర్ర మట్టి, దాని కింద పసుపు పైపు, దాన్ని ఆనుకుని సన్నటి తీగ. గీత ఉన్న చోటు నుంచి పైపు దాదాపు జానెడు పక్కకి ఉంది! 24 అంగుళాలు వదలమని ఎందుకంటారో కళ్లారా చూశాను. మా ఆయన ఇంకో సంగతి గమనించారు. కంకర పొర అడుగునే ఆరెంజ్ కేబుల్ ఒకటి ఉంది, రాళ్లకి అంత దగ్గరగా. మాకు పేవర్లు వేసినవాళ్లు దాన్ని తగలకుండా ఎలా వేశారో ఆ దేవుడికే తెలియాలి.

రంగు తీసిస్తామని మెయిల్‌లో జవాబిచ్చారు. హెచ్‌ఓఏ వాళ్లు "ఓకే, పని పూర్తయ్యాక చెప్పండి" అన్నారు.

పెర్గోలాకి నేనే 811లో టికెట్ పెట్టాలనుకుంటున్నాను. రిమార్కులో ఇలా రాస్తే సరిపోతుందా: "పెరడు మొత్తం గుర్తు పెట్టండి. పాటియో డిజైన్ పేవర్లు, దయచేసి పెయింట్ వాడొద్దు, చాక్ మాత్రమే." వెనక స్టవ్‌కి గ్యాస్ లైన్ మాకూ ఉందండి, ఇల్లు కొన్నప్పటి నుంచి. ఎటు నుంచి వచ్చిందో తెలియదు.


సోమశిల

పైపు మీ కళ్లతో చూశారు, సంతోషం. ఆ ఆరెంజ్ కేబుల్ సంగతి ముఖ్యమైనది. ఇంటర్నెట్ డ్రాప్ వైరు (వీధి లైన్ నుంచి ఇంటికి వచ్చేది) చాలాచోట్ల అర అడుగు లోతులోనే ఉంటుంది. పేవర్ల డ్రైవ్‌వేకి మన బంకమట్టిలో 8 నుంచి 12 అంగుళాల కంకర, అంగుళం ఇసుక, ఆ పైన రాయి, అంటే దాదాపు అడుగు, అంతకు పైనా తవ్వాలి. మీకు పేవర్లు వేసినవాళ్లు అప్పట్లో టికెట్ పెట్టారో లేదో అడిగి తెలుసుకోండి. పెర్గోలా వాళ్లతోనే చేయిస్తుంటే మరీ.

రిమార్కు కొంచెం మారుద్దాం. "పెరడు మొత్తం" అని రాయకండి. మొత్తం అంటే వాళ్లు మొత్తం గీస్తారు, మీ పాటియో నిండా రంగులే. పెర్గోలాకి నాలుగు కాళ్లు. కాళ్లు పడే చోట తెల్ల జెండాలు, రాళ్ల మీదైతే తెల్ల విస్కర్లు, అదీ లేకపోతే తెల్ల చాక్‌తో చిన్న గుండ్రాలు ముందే పెట్టండి. టికెట్‌లో "తెల్ల గుర్తుల చుట్టూ అయిదేసి అడుగులు" అని రాయండి. గీతలు అక్కడికే పరిమితమవుతాయి, లొకేటర్‌కి కూడా పని సులువు, శ్రద్ధగా చేస్తాడు.

"చాక్ మాత్రమే" అని కూడా వద్దు. వాన పడితే మళ్లీ మొదటికొస్తుంది. "పేవర్ల మీద విస్కర్లు లేదా ఆఫ్‌సెట్, కుదరకపోతే చాక్, ఇంట్లో మనిషి ఉంటారు, బెల్లు కొట్టండి" అని రాసి, గేటు తాళం, కుక్క ఉంటే ఆ సంగతీ చేర్చండి. మీరు చెప్పారని తప్పకుండా పాటిస్తారని హామీ ఇవ్వలేను. కానీ వచ్చినతనికి చేతిలో టికెట్ తెరవగానే ఆ వాక్యం కనిపిస్తుంది. నేను పని చేసిన రోజుల్లో అలాంటి టికెట్ వస్తే బండిలోంచి విస్కర్ల సంచీ తీసుకునే దిగేవాణ్ణి. అతను వచ్చినప్పుడు మీరు ఎదురెళ్లి రెండు మాటలు మాట్లాడి, ఓ మంచినీళ్ల సీసా ఇవ్వండి, ఈ ఎండల్లో.

మీ స్టవ్ లైన్‌కి ప్రైవేట్ లొకేటర్‌ని పిలవాల్సిందే, దోసె అడ్డా గారు చెప్పింది అక్షరాలా నిజం. పిలిచే ముందు మీరే ఒకటి చూడండి. స్టవ్ దగ్గర పైపు భూమిలోంచి పైకొచ్చే చోట, దాన్ని అంటుకుని పసుపు తొడుగున్న సన్న తీగ కొస ఉందా? ఉంటే ట్రేసర్ (నేను ముందు చెప్పిన రాగి తీగ) వేశారన్నమాట, లొకేటర్ దానికి క్లిప్పు తగిలించి దారి పట్టుకుంటాడు. లేకపోతే భూమి లోపలికి చూసే రాడార్ బండి తెమ్మని ముందే చెప్పండి, అయితే మన బంకమట్టిలో రాడార్ లోతుకి బాగా చూడలేదు, తడి మట్టిలో మరీ. అప్పుడు పెర్గోలా కాళ్లు నాలుగూ చేత్తోనే తవ్వించుకోండి. పునాది ఎంత లోతో టౌన్ పర్మిట్ డెస్క్ చెప్తుంది, ఎలాగూ అడుగు లోపు అయితే ఉండదు, అందుకని పారతో మొదటి రెండడుగులూ మెల్లగా.

టికెట్ మీరు పెట్టుకున్నా, కాంట్రాక్టర్ పెట్టుకున్నా పని చేసేవాళ్ల పేరు మీదే ఉండాలి. మీ పేరు మీద ఉన్న టికెట్ చూపించి ఇంకొకరు తవ్వడం కుదరదు. కాంట్రాక్టర్‌తో చేయిస్తుంటే అతన్నే పెట్టమని, పై రిమార్కు అతనికి పంపి, నంబరు మీ దగ్గర ఉంచుకోండి.

వ్రతం తేదీ ఎప్పుడో చెప్పండి. రంగు తీసే జెల్ వాళ్లు వేసినా రాళ్లు పూర్తిగా ఆరాకే అసలు రంగు తెలుస్తుంది, తడిమీద చూసి పోయిందనుకోవద్దు. తీసిన ఏడెనిమిది రాళ్లు తిరిగి పరిచేటప్పుడు కింద కంకర దిమ్మిసతో గట్టిగా కొట్టారో లేదో, సందుల్లో పాలిమరిక్ ఇసుక (నీళ్లు చల్లాక గట్టిపడేది) నింపారో లేదో చూసుకోండి. ఆ ఇసుక నింపి నీళ్లు చల్లాక కనీసం ఒక రోజు వాన తగలకూడదు, కారు ఎక్కించకూడదు. అందుకని ఫోర్‌కాస్ట్ చూసి వాళ్లకి రోజు చెప్పండి.